విశ్వవిద్యాలయమూ ప్రభుత్వ బడీ కలిసి పనిచేయాలంటే: ఒక విద్యా సంవత్సరాన్ని ఎలా నడపాలి

మీరు విశ్వవిద్యాలయ విద్యా విభాగంలోనో, బీఎడ్ కళాశాలలోనో పాఠం చెప్పే అధ్యాపకులనుకుందాం. చుట్టుపక్కల జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలు ఉన్నాయి. మీ ఛాత్రోపాధ్యాయులు (బీఎడ్ చదువుతున్నవారు) ఏటా అక్కడికి ఇంటర్న్‌షిప్‌కు వెళ్లివస్తారు. రికార్డుల మీద సంతకాలు పడతాయి, మార్కులు వేస్తారు. ఆ బడిలో పాఠం చెప్పే తీరు గాని, మీరు బీఎడ్ తరగతిలో చెప్పే తీరు గాని దానివల్ల మారడం అరుదు. ఈ రాకపోకలను కలిసి చేసే పనిగా మార్చాలంటే జూన్ నుంచి ఏప్రిల్ వరకు ఏం చేయాలో ఇక్కడ చెబుతున్నాను. ప్రధానోపాధ్యాయులు కూడా దీన్ని తమ వైపు నుంచి చదువుకోవచ్చు. విశ్వవిద్యాలయం వచ్చి పిలిచేదాకా ఆగాలన్న నియమమేదీ లేదు.

బడులను ఎంచుకోవడం, అనుమతి తెచ్చుకోవడం

మూడు బడులు చాలు. ఒక్కటే అయితే అక్కడి గణితం మాస్టారు బదిలీ కాగానే పని ఆగిపోతుంది. పది అయితే ఏ బడికీ సరిగా వెళ్లలేరు. మూడూ ఒకే స్కూల్ కాంప్లెక్స్ (దగ్గరి బడులను కలిపిన సముదాయం) పరిధిలో ఉండేలా చూసుకోండి. అక్కడి ఉపాధ్యాయులు కాంప్లెక్స్ సమావేశాల్లో ఎలాగూ కలుస్తుంటారు. దూరం లెక్కించేటప్పుడు మీ కారును మరిచిపోయి, ఛాత్రోపాధ్యాయులు ఎక్కే బస్సు ఉదయం ప్రార్థన వేళకు బడి దగ్గర దించుతుందా లేదా చూడండి.

ఫలితాల్లో పేరు తెచ్చుకున్న బడినే పట్టుకోవాలని ఆశ పుడుతుంది. అక్కడ మీ వల్ల కొత్తగా జరిగేది తక్కువ. అన్నిటికంటే ఇబ్బందుల్లో ఉన్న బడికి పరుగెత్తడమూ మొదటి ఏడాది మంచిది కాదు. ఖాళీ పోస్టుల బరువంతా మీ విద్యార్థుల మీద పడుతుంది, ఇక బోధన గురించి మాట్లాడుకునే తీరిక ఎవరికీ ఉండదు. కావలసిన ఉపాధ్యాయులు చాలావరకు ఉన్న, పాఠం గురించి మాట్లాడే అలవాటు ఒకరిద్దరికైనా ఉన్న మామూలు బడి సరిపోతుంది.

అనుమతి విషయంలో వరుస ముఖ్యం. నేరుగా జిల్లా విద్యాధికారి దగ్గరికి వెళ్లి ఉత్తర్వు తెచ్చుకుంటే బడి తలుపు తెరుచుకుంటుంది గాని, మిమ్మల్ని తనిఖీ బృందంగానే చూస్తారు. ప్రధానోపాధ్యాయుడితో మాత్రమే మాట్లాడుకుని మొదలుపెడితే, రెండో నెలలో ఎవరో పైనుంచి ‘ఎవరి అనుమతితో వచ్చారు’ అని అడుగుతారు, ఆయన ఇరుకున పడతారు. కాబట్టి ముందు ప్రధానోపాధ్యాయుడిని కలవండి. తర్వాత ఆ సబ్జెక్టు ఉపాధ్యాయులతో ఆయన సమక్షంలోనూ, ఆయన లేకుండానూ మాట్లాడండి. వారు సరేనన్నాకే జిల్లా విద్యాధికారికి లేఖ రాయండి. మండల విద్యాధికారికి ఒక ప్రతి పంపండి. లేఖలో బడుల పేర్లు, సబ్జెక్టు, వచ్చే వారి పేర్లు, వచ్చే రోజులు మాత్రమే ఉండాలి. ఆశయాల గురించిన పేరాలు అక్కర్లేదు. పిల్లల రాతలను పరిశోధనకు వాడుకునే ఉద్దేశం ఉంటే విశ్వవిద్యాలయ నైతిక సంఘం అనుమతి, తల్లిదండ్రులకు అర్థమయ్యే తెలుగులో రాసిన సమ్మతి పత్రం ఇప్పుడే సిద్ధం చేసుకోండి.

మైసూరు ప్రాంతీయ విద్యా సంస్థ వంటి చోట్ల ఆవరణలోనే డెమాన్‌స్ట్రేషన్ స్కూల్ ఉంటుంది. అక్కడ బడి సంస్థలో భాగం, కాబట్టి ఈ తిప్పలన్నీ ఉండవు. జిల్లా పరిషత్ బడి మీది కాదు. మీరు అతిథులు. మొదటి నుంచి చివరి దాకా ఆ సంగతి గుర్తుంటే చాలా తగవులు పుట్టవు.

మొదటి నెల: చూడటమే పని

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. మొదటి వారాలు అడ్మిషన్లు, పుస్తకాలు, యూనిఫాంల పంపిణీతో గడిచిపోతాయి. అప్పుడు వెళ్లి ఎవరినీ ఇబ్బంది పెట్టకండి. జూలై మొదటి వారం నుంచి, వారంలో ఒకే రోజు, ప్రతి వారం అదే రోజు వెళ్లండి. మంగళవారం అనుకుంటే మంగళవారమే. రాలేకపోతే ముందురోజే ఫోను చేసి చెప్పండి. ఉపాధ్యాయులు మిమ్మల్ని నమ్మడం ఈ మంగళవారాలతోనే మొదలవుతుంది. మీ పీహెచ్‌డీని చూసి నమ్మరు.

ఈ నెలలో సలహా ఇవ్వకండి, ఎవరైనా అడిగినా సరే. ఫొటోలు తీయకండి. తరగతిలో వెనక బల్ల మీద కూర్చోండి, టీచర్ బాగా చెప్పారా లేదా అన్న ఆలోచన పక్కన పెట్టండి. పిల్లల నోటు పుస్తకాలు అడిగి తీసుకోండి. ఒక తరగతి పుస్తకాలన్నీ ఒకచోట పెట్టి, ఒకే లెక్కనో ఒకే ప్రశ్ననో ఎవరెవరు ఎలా రాశారో చూడండి. నల్లబల్ల మీది జవాబు దింపుకున్న పేజీలు పక్కన పెట్టి, పిల్లవాడు సొంతంగా ప్రయత్నించిన పేజీల కోసం వెతకండి. అవి ఎంత తక్కువగా ఉన్నాయన్నదే మీకు దొరికే మొదటి సమాచారం.

టైమ్‌టేబుల్ కూడా రాసుకోండి. కాగితం మీద ఉన్న పీరియడ్లు, నిజంగా జరిగిన పీరియడ్లు వేరుగా లెక్కపెట్టండి. సమావేశాలు, ఆన్‌లైన్ వివరాల నమోదు, సెలవుల్లో ఉన్నవారి తరగతులకు సర్దుబాటు, ఇలా ఎన్ని పోతున్నాయో తెలియకుండా ‘కృత్యాధార బోధన ఎందుకు చేయరు’ అని అడిగే హక్కు మనకు లేదు.

ప్రశ్న బడి నుంచి రావాలి

నెలాఖరున ఉపాధ్యాయులతో కూర్చుని ఆ ఏడాదికి ఒకే ఒక ప్రశ్న ఎంచుకోండి. విశ్వవిద్యాలయం నుంచి సిద్ధమైన మాడ్యూల్‌తో దిగితే ఇది మరో శిక్షణ అవుతుంది. శిక్షణలకు మన ఉపాధ్యాయులకు కొరత లేదు. తన తరగతిలో తనను నిజంగా ఇబ్బంది పెడుతున్న విషయం మీద పనిచేయడానికి అవకాశం మాత్రం వారికి దాదాపు దొరకదు. మీరు ఇవ్వగలిగింది అదే.

‘అభ్యసన స్థాయిలు పెంచడం’ ప్రశ్న కాదు, ప్రాజెక్టు నివేదిక శీర్షిక. ప్రశ్న అంటే ఇలా ఉండాలి: ‘3/4, 5/8లలో ఏది పెద్దదంటే ఏడో తరగతి పిల్లలు 5/8 అని ఎందుకు అంటున్నారు?’ లేదా: ‘సామాన్య శాస్త్రంలో తెలుగులో చక్కగా చెప్పగలిగిన పిల్ల, ఇంగ్లిషులో రెండు వాక్యాలు ఎందుకు రాయలేకపోతోంది?’ తెలంగాణలో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిషు మాధ్యమం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఎదురెదురు పేజీల్లో రెండు భాషలున్న పాఠ్యపుస్తకాలు నడుస్తున్నాయి. ఆ రెండు పేజీలనూ తరగతిలో ఎలా వాడుకోవాలన్నది ఒక ఏడాదికి సరిపడే మంచి ప్రశ్న.

ప్రశ్నకు మూడు పరీక్షలు పెట్టండి. టీచర్ దాన్ని తన మాటల్లో చెప్పగలగాలి. సిలబస్‌లో రాబోయే పాఠానికి అది తగలాలి, లేకపోతే అదనపు భారమవుతుంది. జవాబు మీకూ ముందే తెలిసి ఉండకూడదు. మూడోదే అన్నిటికంటే కష్టం.

ఒప్పంద పత్రం రెండు పేజీలు దాటకూడదు

ఎంవోయూ కావాలి, వద్దనడం లేదు. ఉపకులపతి, జిల్లా అధికారి చేతులు కలిపిన ఫొటో పత్రికలో వచ్చాక చాలా ఒప్పందాలకు ఇక ఆయువు ఉండదు. కాబట్టి సభ, శాలువాలు, ఫ్లెక్సీ ఏడాది చివరికి వాయిదా వేసి, కాగితంలో ఈ సంగతులు రాసుకోండి.

- ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలు వస్తారు. రాకపోతే ఎవరికి చెబుతారు.
- కాగితం, జిరాక్సు, ప్రయాణ ఖర్చులు ఎవరివి. బడి నిధుల మీద ఒక్క రూపాయి భారం కూడా పడకూడదు.
- విశ్వవిద్యాలయానికి వచ్చే ఉపాధ్యాయులకు ఓడీ (ఆన్ డ్యూటీ, ఆ రోజును పనిరోజుగా లెక్కించే) సౌకర్యం ఎవరు ఇస్తారు.
- తరగతిలో చూసినదాన్ని పై అధికారులకు టీచర్ పేరుతో ఏ రూపంలోనూ నివేదించరాదు.
- తయారైన పాఠాల మీద పేరు ఇద్దరిదీ ఉంటుంది. వ్యాసం ప్రచురిస్తే టీచర్ సహరచయిత.
- వద్దనుకుంటే ఏ పక్షమైనా నెల ముందు చెప్పి తప్పుకోవచ్చు.

నాలుగో అంశం మీద జిల్లా కార్యాలయంతో కాస్త పేచీ రావచ్చు. అక్కడ మెత్తబడకండి. తన పేరు పైకి వెళ్తుందన్న అనుమానం వచ్చిన రోజు నుంచి ఏ టీచరూ తనకు చేతకాని పాఠాన్ని మీ ముందు చెప్పరు, చేతనైన పాఠమే చూపిస్తారు.

రెండు క్యాలెండర్లను కలపడం

విశ్వవిద్యాలయ సెమిస్టరుకూ బడి ఏడాదికీ పొత్తు కుదరదు. బడి క్యాలెండరునే ప్రమాణంగా పెట్టుకుని మీరు సర్దుకోవాలి. ఆగస్టు నుంచి దసరా దాకా మొదటి విడత, నవంబరు, డిసెంబరుల్లో రెండో విడత పెట్టుకోండి. సంక్రాంతి తర్వాత ఉన్నత పాఠశాల అంతా పదో తరగతి చుట్టూ తిరుగుతుంది, ప్రత్యేక తరగతులు, స్లిప్ టెస్టులు మొదలవుతాయి. ఆ రోజుల్లో ఆరు, ఏడు తరగతుల పిల్లలను కలిసి, నేర్చుకున్నది నిలిచిందో లేదో చూడటం వరకే చేయగలరు. ఫిబ్రవరిలో కొత్తది మొదలుపెడదామని వెళ్లేవారికి బడి సంగతి తెలియదన్నమాట.

ఒక పాఠం చుట్టూ నలుగురు కూర్చోవడం

అసలు పని ఇదే. మిగిలినవన్నీ దీనికి ఏర్పాట్లు. జపాన్‌లో ఉపాధ్యాయులు ‘జుగ్యో కెంక్యూ’ పేరుతో చాలా కాలంగా ఇలా చేస్తున్నారు. కొందరు టీచర్లు కలిసి ఒక పాఠం తయారు చేస్తారు, ఒకరు చెబుతారు, మిగిలినవారు పిల్లలను గమనిస్తారు, తర్వాత అందరూ చర్చిస్తారు. తరచూ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన అతిథి చివర్లో మాట్లాడతారు. మన బడులకు తగ్గట్టు దీన్ని ఇలా నడపవచ్చు.

చాలా బడుల్లో గణితానికి ఒక్కరో ఇద్దరో స్కూల్ అసిస్టెంట్లు ఉంటారు. కాబట్టి మూడు బడుల గణితం టీచర్లనూ కలపండి. సాయంత్రం బడి వదిలాక కూర్చుందామంటే బస్సులు దొరకవు, ఇంట్లో పనులు ఆగవు, మహిళా ఉపాధ్యాయులకు మరీ ఇబ్బంది. వారానికి ఒక రోజు చివరి రెండు పీరియడ్లు వారికి లీజర్ వచ్చేలా టైమ్‌టేబుల్ వేయమని ప్రధానోపాధ్యాయులను జూలైలోనే కోరండి. ఈ ఒక్కటీ కుదరకపోతే మిగిలినవి కుదరవు.

మొదటి సమావేశంలో పిల్లల రాతలు బల్ల మీద పరచండి. మన భిన్నాల ఉదాహరణే చూద్దాం. 3/4, 5/8లలో 5/8 పెద్దదని రాసినవారు ఎందుకలా అనుకున్నారు? మూడు కన్నా ఐదు పెద్దది, నాలుగు కన్నా ఎనిమిది పెద్దది, అంతే. భిన్నాన్ని ఒక సంఖ్యగా కాక, గీతకు పైనా కిందా ఉన్న రెండు సంఖ్యలుగా చూస్తున్నారు. ఇది ఎన్నో దేశాల్లో గణిత విద్యా పరిశోధకులు గుర్తించిన విషయమే. ఆ సమాచారం మీరు తేవాలి. అయితే సరైన జవాబు రాసిన పిల్లల్లో కొందరు క.సా.గు. కట్టి, సజాతి భిన్నాలుగా మార్చి 6/8 తెచ్చారు గాని, సంఖ్యారేఖ మీద 3/4 ఎక్కడుందంటే చూపించలేరు. ఆ సంగతి టీచరుకు తెలుస్తుంది. ఏ పిల్లకు ఎంతవరకు వచ్చో చెప్పగలిగిందీ ఆమే.

రెండో సమావేశంలో పాఠం కట్టండి. ఒకే పొడవున్న కాగితపు పట్టీలు ప్రతి బల్లకూ ఇవ్వాలి. సగానికి, నాలుగు భాగాలకు, ఎనిమిది భాగాలకు మడవడం పిల్లలకు తేలిక. మూడు భాగాలకు సమంగా మడవడం తేలిక కాదు, దాన్ని ఇప్పటికి వదిలేయండి. తర్వాత 5/8ని 3/4తో నేరుగా పోల్చమనకుండా, రెండింటినీ సగంతో పోల్చమనండి. ఒకటి సగం కన్నా 1/8 ఎక్కువ, ఇంకోటి సగం కన్నా 1/4 ఎక్కువ. ఇక్కడ రెండో చిక్కు బయటపడుతుంది: ఎనిమిది పెద్దది కాబట్టి 1/8 పెద్దదనేవారు ఉంటారు. పట్టీ వారి చేతిలోనే ఉంది, మడిచి చూసుకుంటారు. పాఠం చివర్లో 2/3, 3/4 ఇవ్వండి. రెండూ సగం కన్నా ఎక్కువే. ఎవరైనా ‘ఒకటి నిండటానికి దీనికి 1/3 తక్కువ, దానికి 1/4 తక్కువ’ అంటే పాఠం మనం అనుకున్నదాని కన్నా ముందుకు పోయినట్టే. ఎవరూ అనకపోయినా టీచర్ చెప్పేయకూడదు. అది మరుసటి రోజుకు మిగలాలి.

ఈ కట్టడంలో ప్రతి అడుగు దగ్గర ‘పిల్లలు ఏమంటారు’ అన్న గడి ఒకటి గీసుకుని ముందే ఊహించి రాయండి. బీఎడ్ పాఠ్యపథకాల్లో ‘విద్యార్థి ప్రతిస్పందన’ అనే గడి ఎప్పటినుంచో ఉంది. అందులో పిల్లలంతా సరైన జవాబే చెబుతుంటారు. ఇక్కడ తప్పు జవాబులతో నింపండి.

మూడోసారి, ఒక టీచర్ పాఠం చెబుతారు. మొదటి పాఠం మీరు చెబితే ఇంకా మంచిది. నలభై మంది పిల్లల ముందు పట్టీలు పంచడానికే పది నిమిషాలు పోవడం ప్రొఫెసర్‌కూ అనుభవంలోకి రావాలి, దాన్ని టీచర్లు చూడాలి. గమనించేవారు ఒక్కొక్కరు రెండు బల్లల పిల్లలనే చూస్తూ, వారు ఏమన్నారో, ఏం రాశారో యథాతథంగా రాసుకోవాలి. సాయం చేయకూడదు. మెచ్చుకోకూడదు. టీచరును చూడనవసరమే లేదు.

నాలుగో సమావేశం అదే రోజు, ఆలస్యం లేకుండా జరగాలి. పాఠం చెప్పినవారు మొదట మాట్లాడతారు. తర్వాత గమనించినవారు తాము రాసుకున్నదే చదువుతారు: ‘మూడో బల్ల దగ్గర అబ్బాయి పట్టీని ఎనిమిదికి మడిచి, ఐదు భాగాలు లెక్కపెట్టి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు’. ‘బాగుంది’, ‘ఇంకా బాగుండాల్సింది’ అన్న మాటలను నిషేధించండి. విశ్వవిద్యాలయం నుంచి వచ్చినవారు అందరికంటే చివర, ఐదు నిమిషాలు మాత్రమే మాట్లాడాలి. నేను గమనించినంతలో అన్ని నియమాల్లోకీ ఎక్కువగా ఉల్లంఘించబడేది ఇదే. రెండు వారాల్లోగా మార్పులు చేసిన పాఠాన్ని రెండో బడిలో మరొకరు చెబుతారు.

ఇలా క్రమం తప్పకుండా కూర్చోవడం ఎంతకాలం నిలుస్తుందని అనుమానించేవారికి మన దేశంలోనే జవాబుంది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోశంగాబాద్ జిల్లాలో కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు కలిసి 16 మాధ్యమిక పాఠశాలల్లో ప్రయోగాల ద్వారా విజ్ఞాన శాస్త్రం నేర్పే పని మొదలుపెట్టాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకులు ఆ గ్రామాలకు వెళ్లి ఉపాధ్యాయులతో కలిసి పాఠాలు రాశారు. 1978లో అది జిల్లా అంతటికీ విస్తరించింది, 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ తర్వాత దాన్ని నడిపింది. ఉపాధ్యాయుల నెలవారీ సమావేశాలు, బడులకు వెళ్లి తోడుండటం, పుస్తకం చూసి రాసే పరీక్ష, ఇవి మూడూ కలిసి నడిచాయి. పరీక్ష పాతదే అయితే పాఠం ఎంత మారినా టీచర్ చివరికి పాత దారికే వస్తారని వారికి ముందే తెలుసు. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ముప్పై ఏళ్లు నడిచిన పని కూడా ఒక నిర్ణయంతో ఆగిపోగలదు. అందుకే మీ నాలుగో సమావేశానికి డైట్ (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) నుంచో, మండల వనరుల కేంద్రం నుంచో ఒకరిని మొదటి నుంచీ పిలవండి, సభ్యులుగా మాత్రమే.

ఛాత్రోపాధ్యాయుల సంగతి

ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) 2014 నిబంధనలతో బీఎడ్ రెండేళ్లయింది. బడి అనుభవానికి మొత్తం 20 వారాలు కేటాయించారు, అందులో 16 వారాలు ఇంటర్న్‌షిప్. అంత సమయం చేతిలో ఉన్నా అది ఎక్కువగా రంగు పెన్నులతో రాసే రికార్డులకు ఖర్చవుతోంది. మీ భాగస్వామ్య బడులకు వెళ్లేవారికి రికార్డుల సంఖ్య తగ్గించండి. బదులుగా ఒక్కొక్కరు ఐదుగురు పిల్లల నోటు పుస్తకాలను టర్మ్ పొడుగునా అనుసరించి రాయాలి.

ఇంటర్న్‌లు రాగానే ఖాళీగా ఉన్న తరగతులకు పంపాలని ప్రధానోపాధ్యాయుడికి అనిపించడం సహజం, ఆయన్ను తప్పుపట్టలేం. కుదుర్చుకోవలసింది ఇది: రోజుకు ఒక పీరియడ్ సర్దుబాటుకు ఇస్తాం, మిగిలినవి మార్గదర్శక టీచరుతోనే. ఒక టీచరుకు ఇద్దరు ఇంటర్న్‌లకు మించి ఇవ్వకండి. మొదటి రెండు వారాలు ఇంటర్న్ పాఠంలో సగమే చెప్పాలి, మిగతా సగం టీచర్ చెబుతారు.

మార్గదర్శక టీచరుకు ఏమిస్తున్నారన్నది కూడా ఆలోచించండి. గౌరవ వేతనం ఇవ్వగలిగితే మంచిదే. విశ్వవిద్యాలయ గ్రంథాలయ కార్డు, ఇంటర్న్ మార్కుల్లో సమానమైన మాట, ఏడాదిలో ఒకసారైనా బీఎడ్ తరగతికి వచ్చి పాఠం చెప్పే ఆహ్వానం, ఇవి అంతకంటే ఎక్కువ పనిచేస్తాయి. జాతీయ విద్యా విధానం 2020 ప్రతి ఉపాధ్యాయుడికీ ఏటా 50 గంటల వృత్తి అభివృద్ధి ఉండాలంది. ఈ సమావేశాలను ఆ గంటల్లో చేర్చమని జిల్లా విద్యాధికారిని రాతపూర్వకంగా అడగండి.

మీ వైపు కూడా ఒక కాగితం కదలాలి. బడికి వెళ్లిన రోజును అధ్యాపకుల పనిగంటల్లో లెక్కించేలా విభాగం తీర్మానం చేయించండి. లేకపోతే రెండో సెమిస్టరుకు మీతో వచ్చేవారు ఎవరూ మిగలరు.

ఫలితం ఎలా చూడాలి

ఎఫ్ఏ, ఎస్ఏ (బడిలో జరిగే నిర్మాణాత్మక, సంగ్రహణాత్మక పరీక్షల) మార్కులతో దీన్ని కొలవకండి. ఐదు ప్రశ్నల అరకాగితం తయారు చేయండి. పాఠానికి ముందు, రెండు వారాల తర్వాత, సంక్రాంతి తర్వాత ఇవ్వండి. అంకెలు మార్చండి, ఆలోచన మార్చకండి. ప్రతి తరగతిలో ఆరుగురు పిల్లలను పిలిచి ‘ఎలా చేశావు’ అని అడిగి జవాబు రాసుకోండి. సంక్రాంతి తర్వాతి కాగితంలో కొంత తగ్గుదల కనిపిస్తే కంగారుపడకండి, దాన్ని దాచనూ వద్దు. కాగితాలు మొదట టీచర్ చేతికే వెళ్లాలి. తన పిల్లల సంగతి ఆమె కంటే ముందు మీ పరిశోధన విద్యార్థికి తెలియడం మర్యాద కాదు. టీచర్ల మధ్య, బడుల మధ్య పోలిక పట్టికలు ఎక్కడా వేయకండి.

ఏప్రిల్‌లో

పని జరిగిన ప్రతి పాఠానికీ నాలుగు పేజీలు చాలు: ప్రశ్న, పాఠం, పిల్లలు ఏమన్నారు, రెండోసారి ఏం మార్చాం. మూడు బడుల్లోనూ ఒక్కో ఫైలు పెట్టండి. వేసవిలో బదిలీలు జరిగితే కొత్తగా వచ్చే టీచరుకు ఆ ఫైలే పరిచయం. బదిలీ అయి వెళ్లిన టీచర్ కొత్త బడికి మిమ్మల్ని పిలిస్తే వెంటనే ఒప్పుకోకండి. అక్కడి ప్రధానోపాధ్యాయుడు, సహోపాధ్యాయులు తమ ప్రశ్న ఏమిటో చెప్పేదాకా ఆగండి. పాఠాన్ని స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో వివరించే అవకాశం వస్తే మీరు వెనక వరుసలో కూర్చుని టీచరునే మాట్లాడనివ్వండి. తర్వాతి ఏడాది ప్రశ్న మీద కూడా ఆ నెలలోనే ఒక మాట అనుకుని, జూలైలో ఏ వారం నుంచి వస్తారో తేదీతో సహా చెప్పి రండి.